‘లోబాల్’ అని ఎంత తక్కువ ధరను అంటారు?

డాలస్‌లో మా పాత టయోటా క్యామ్రీ కారును అమ్మకానికి పెట్టాం. పాత కార్ల ధరలు అంచనా వేసి చెప్పే కెల్లీ బ్లూ బుక్‌లో వ్యక్తులు నేరుగా అమ్ముకునే ధర చూసుకునే 9,500 డాలర్లు అడిగాం. ఒకాయన కారు చూడకుండానే 5,000 ఇస్తానన్నారు. అడ్డికి పావుశేరు బేరం! ఇక్కడి మిత్రులు దీన్ని ‘లోబాల్’ అంటున్నారు. కొందరైతే ప్రకటనలోనే ‘లోబాల్ వద్దు’ అని రాసేస్తారు. మామూలు బేరానికీ దీనికీ మధ్య గీత ఎక్కడ? అడిగినదానికి పది, పదిహేను శాతం తగ్గించినా లోబాలేనా, లేక అవతలివారి ఉద్దేశాన్ని బట్టి అంటారా? జవాబులో ఈ మాట వాడితే తిట్టినట్లు ఉంటుందా? ప్రకటనలో రాస్తే మర్యాదగా బేరమాడేవారు కూడా వెనక్కి తగ్గుతారేమోనని నా అనుమానం. అమెరికాలో కారు అమ్మినవారు ఎవరైనా చెప్పగలరా?