కుక్క కోసం పాతిన వైర్ ఫెన్స్: కాలర్ వరండాలో కూడా బీప్ కొడుతోంది, సాయం చెయ్యండి

నెల్లిమర్ల దగ్గర తోటలో ఇల్లు అండి మాది, ముందే రోడ్డు, లారీలు ఆగకుండా తిరుగుతాయి, అందుకే మా లాబ్రడార్ బయటికి పోకుండా భూమిలో వైర్ పాతి, అందులోకి సిగ్నల్ పంపే ట్రాన్స్‌మిటర్, వైరు దగ్గరికెళ్తే బీప్ కొట్టి షాక్ ఇచ్చే కాలర్ (మెడపట్టీ) ఉండే సెట్ పెట్టించాం. రోడ్డు వైపు బాగానే ఉంది, వైరుకి నాలుగడుగుల దగ్గరికెళ్తే బీప్ వస్తోంది. ఇబ్బందల్లా వరండాలో బోరు మోటారు స్టార్టర్ ఉన్న గోడ దగ్గరే, వైరు అక్కడికి 30 అడుగుల దూరం ఉన్నా కాలర్ అరుస్తోంది. పాపం అది అన్నం గిన్నె దగ్గరికి కూడా రాకుండా తోక ముడుచుకుని మెట్ల కిందే కూర్చుంటోంది, చూడలేకపోతున్నాం. షాక్ ఆపేసి బీప్ ఒక్కటే ఉంచాం.

కాలర్ బ్యాటరీ మార్చాం. రేంజ్ తగ్గిస్తే రోడ్డు వైపు బీప్ రావట్లేదు. ట్రాన్స్‌మిటర్ నుంచి లూప్ (భూమిలో పాతిన ఫెన్స్ వైరు) దాకా వెళ్లే రెండు వైర్లూ మెలేసే ఉన్నాయి, లూప్ తెగిన అలారం కూడా లేదు. మోటారు ఆన్ చేసినా ఆఫ్ చేసినా ఒకటే, ట్రాన్స్‌మిటర్ ఆపితే మాత్రం గోడ దగ్గర సైలెంట్. తూర్పు వైపు మా లూపు, బోరు కేబులు ఒకే కాలవలో పక్కపక్కనే ఓ 20 అడుగులు వెళ్తాయి, సిగ్నల్ ఆ కేబుల్లోకి ఎక్కి గోడ దాకా వస్తోందని నా అనుమానం.

ఇలాంటిది వేయించుకున్నవాళ్లు చెప్పండి, బోరు కేబుల్ నుంచి లూప్ వైరుని ఎన్ని అడుగులు దూరం జరిపితే ఈ బీప్ ఆగుతుంది?