అప్‌డేట్: ఉత్సాహం లేని రోజుల్లోనూ నడక సాగుతోంది

వ్యాయామం మొదలుపెట్టిన కొద్ది రోజులకే మనసు వెనకాడుతోందని, అలవాటు నిలవాలంటే ఏం చేయాలని ఇదివరకు అడిగాను. ఉత్సాహం కోసం ఎదురుచూడకుండా, రోజూ ఎలాగూ చేసే పనికే నడకను ముడిపెట్టమన్న సలహా నాకు అక్కరకొచ్చింది. పొద్దున పిల్లవాణ్ణి బడి బస్సు ఎక్కించాక ఇంటికి తిరిగి రాకుండా, అప్పటికే తొడుక్కున్న బూట్లతోనే పానగల్లు ఉదయసముద్రం చెరువు కట్ట వైపు సాగిపోతున్నాను. మనసు లేనినాడు పది నిమిషాలకే వెనుదిరగవచ్చన్న వెసులుబాటు పెట్టుకున్నాను. అయితే కట్ట మీద నీటిగాలి తగిలాక వెనుదిరగాలనిపించడం అరుదు. పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల మధ్యస్థ వ్యాయామం ఉండాలని చెప్పే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలే, అసలు కదలకపోవడం కంటే కొద్దిపాటి కదలికైనా మేలని కూడా చెబుతున్నాయి. ఆ మాట నాకు నిజంగా ధైర్యమిచ్చింది. బడికి వేసవి సెలవులిచ్చాక, పొద్దున్నే మన నల్లగొండ ఎండ ముదరకముందే, పాలప్యాకెట్ తెచ్చే వేళకు ఈ నడకను మార్చుకుంటాను.