పక్కటెముకలకు ప్లేట్లు వేయించాలా, వెంటిలేటర్ మీదే ఉంచి చూడాలా?

మొగిలి ఘాట్
మా పెదనాయనకు 58 ఏళ్లు. మొన్న మొగిలి ఘాట్‌లో వ్యాను బోల్తా పడి స్టీరింగు ఎదకు గుద్దుకుంది. ఇప్పుడు తిరుపతిలో ఐసీయూలో ఉన్నారు. ఎడమవైపు 4 నుంచి 8 దాకా పక్కటెముకలు రెండేసి చోట్ల విరిగాయట. లోపల చేరిన రక్తం, గాలి పోవడానికి గొట్టం వేశారు. నిన్న రాత్రి వెంటిలేటర్ కూడా పెట్టారు. సర్జన్ ఆపరేషన్ చేసి, విరిగిన ఎముకలను పట్టి ఉంచే లోహపు ప్లేట్లు వేద్దామంటున్నారు. మా బంధువుల్లో ఒక డాక్టరేమో, ఎముకలు వాటంతటవే అతుక్కుంటాయి, కోయనివ్వొద్దు అంటున్నారు. ఇంట్లో అందరికీ టెన్షన్. ఎవరి మాట వినాలి?

చిత్తూరోడు
అన్నా, మీ బంధువు చెప్పిందే వినండి. మా నాయన మిద్దె మెట్ల మీద జారిపడి మూడు పక్కటెముకలు విరిగాయి. నొప్పి మాత్రలు, ఒకటిన్నర నెల విశ్రాంతి, అంతే. ఆపరేషన్ అన్న ఆస్పత్రి ఒకటుంది, మేం ఒప్పుకోలేదు. ఈ వయసులో ఎద కోయించడం ఎందుకు?

మత్తు డాక్టరు, తిరుపతి
చిత్తూరు తమ్ముడూ, మీ నాయనగారి విషయంలో మీరు చేసింది సరైనదే. ఒక్కో చోట విరిగి, ఊపిరి బాగా ఆడుతుంటే ప్లేట్లు అక్కర్లేదు. ఇక్కడ సంగతి వేరు. వరసగా మూడో అంతకన్నా ఎక్కువో పక్కటెముకలు రెండేసి చోట్ల విరిగితే ఆ భాగానికి మిగతా ఎదతో పట్టు పోతుంది. గాలి పీల్చినప్పుడు ఎద పైకి లేస్తుంటే అది లోపలికి కుంగుతుంది. ఫ్లెయిల్ చెస్ట్ అంటాం. నొప్పికి మనిషి గట్టిగా దగ్గలేడు, కఫం లోపలే ఉండిపోతుంది, న్యుమోనియా పడుతుంది. వెంటిలేటర్ మీద రోజులు పెరిగేకొద్దీ ఆ భయం ఇంకా పెరుగుతుంది.

జపాన్‌లో ఇలాంటి 37 మందిని రెండు జట్లుగా చేసి చూశారు, ఫలితాలు 2002లో వచ్చాయి. ఆపరేషన్‌తో ఎముకలు సరిచేయించుకున్నవాళ్లు సగటున 11 రోజుల్లోపే వెంటిలేటర్ నుంచి బయటపడ్డారు. మిగతావాళ్లకు 18 రోజులు పట్టింది. న్యుమోనియా కూడా ఆపరేషన్ జట్టులో చాలా తక్కువ.

ఛాతీ సర్జరీ పీజీ
మేడమ్, 37 మంది లెక్క చూపించి ఇంటివాళ్లకు ధైర్యం చెప్పడం తొందరపాటు అనిపిస్తోంది. 2022లో కెనడా సర్జన్లు 207 మందితో చేసిన ట్రయల్ వచ్చింది. మొత్తం మీద చూస్తే వెంటిలేటర్ లేకుండా గడిచిన రోజుల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఊపిరితిత్తి బాగా కమిలిపోయినవాళ్లకు ప్లేట్ల వల్ల పెద్దగా లాభం లేదని జర్మనీ వాళ్లు 1998లోనే రాశారు. వాళ్లను వెంటిలేటర్ మీద ఉంచేది ఎముక కాదు, ఆ దెబ్బతిన్న ఊపిరితిత్తి. కమిలిన ఊపిరితిత్తి మొదటి ఒకటి రెండు రోజులు ఇంకా దిగజారుతుంది కూడా. సీటీ చూడకుండా ప్లేట్లు అనకూడదు.

మత్తు డాక్టరు, తిరుపతి
సీటీ చూడాలన్న మాట ఒప్పుకుంటాను. కానీ ఆ 2022 ట్రయల్‌ను సగమే చెప్పారు బాబూ. చేరేటప్పటికే వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లను విడిగా చూస్తే ఆపరేషన్ వల్ల లాభం కనిపించింది. మొత్తం ట్రయల్‌లో చూస్తే ఆపరేషన్ జట్టులో ఒక్కరూ చనిపోలేదు, రెండో జట్టులో ఆరుగురు పోయారు. ఈ పెద్దాయన వెంటిలేటర్ మీదే ఉన్నారు. తలకు పెద్ద దెబ్బ లేకుండా, బీపీ నిలకడగా ఉండి, ఊపిరితిత్తి మరీ కమిలిపోకపోతే నేను ప్లేట్ల వైపే. చేస్తే మొదటి 72 గంటల్లో చేయడం మేలు. ఆలస్యమైతే చుట్టూ వాపు, గట్టిదనం వచ్చి పని కష్టమవుతుంది.

చిత్తూరోడు
గొట్టంలో రక్తం వస్తోంది కదా, దానికైనా ఎద తెరవాల్సిందేనా మేడమ్?

మత్తు డాక్టరు, తిరుపతి
అది వేరే ఆపరేషన్. గొట్టం వేయగానే లీటరున్నరో అంతకన్నా ఎక్కువో వచ్చినా, తర్వాత గంటకు 200 మిల్లీలీటర్ల చొప్పున రెండు నుంచి నాలుగు గంటలు ఆగకుండా వచ్చినా అత్యవసరంగా తెరుస్తారు. చాలామందికి గొట్టంతోనే సరిపోతుంది.

పలమనేరు అక్క
నేను ఐసీయూ నర్సును. మన జిల్లాలో చేయి విరిగినా కాలు విరిగినా పుత్తూరు కట్టు గుర్తొస్తుంది. పక్కటెముకలకు మాత్రం ఎద చుట్టూ బిగించి కట్టనివ్వొద్దు, ఊపిరి ఇంకా తగ్గుతుంది. డబ్బు సంగతి కూడా చెప్తాను. రోడ్డు ప్రమాదాలకు కేంద్రం 2025లో తెచ్చిన నగదు రహిత పథకంలో మొదటి ఏడు రోజులకు లక్షన్నర దాకా వస్తుంది. ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉంటే ఆస్పత్రిలో ఆ పథకం చూసేవాళ్లను ఈరోజే అడగండి.

మొగిలి ఘాట్
సర్జన్‌ను కలిశాను. తలకు దెబ్బ లేదట. సీటీలో ఎడమ ఊపిరితిత్తి కింది భాగం కొంచెం కమిలింది, కుడిది బాగుంది. ఐదింటిలో నాలుగింటికి ప్లేట్లు వేస్తే చాలన్నారు. రేపు పొద్దున ఆపరేషన్‌కు సంతకం పెట్టాం.

ఛాతీ సర్జరీ పీజీ
ఈ సీటీ అయితే నాకూ అభ్యంతరం లేదన్నా. ఒకటి అడగండి: ఆపరేషన్ తర్వాత నొప్పికి ఎపిడ్యూరల్ (వెన్ను దగ్గర సన్న గొట్టంతో ఇచ్చే నొప్పి మందు) గానీ నర్వ్ బ్లాక్ (నరం దగ్గర ఇచ్చే మొద్దుబారే మందు) గానీ పెడతారా అని. ప్లేట్లు వేసి నొప్పిని వదిలేస్తే ఆయన దగ్గలేరు, మళ్లీ అదే న్యుమోనియా.