అప్‌డేట్: పికప్ ఎత్తు పెంచే లిఫ్ట్ కిట్ వేశాక ముందు వైపు టక్ టక్ శబ్దం, స్టీరింగ్ నిలకడ లేకపోవడం, కారణం దొరికింది

పికప్‌కి ముందు వైపు స్ట్రట్ (స్ప్రింగ్, షాక్ అబ్జార్బర్ కలిసి ఉండే భాగం) పైన స్పేసర్ (ఎత్తు పెంచే దిమ్మ) పెట్టించి 2.5 అంగుళాలు లేపాక, స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు టక్‌మని కొడుతోందని, హైవే మీద స్టీరింగ్ తేలిపోతోందని ఇక్కడే అడిగాను కదా, సమాధానాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

అప్పర్ కంట్రోల్ ఆర్మ్ (చక్రాన్ని పై వైపు నుంచి ఛాసిస్‌కి కలిపే చేయి) చూపించమన్నవాళ్ళదే కరెక్ట్. అలైన్‌మెంట్ చేసే ఆయన బండిని షాపులో పైకెత్తే లిఫ్ట్ మీద ఎక్కించి చక్రం కిందికి వేలాడదీస్తే, ఒరిజినల్ ఆర్మ్ వెళ్ళి కాయిల్ స్ప్రింగ్‌కి తగులుతోంది, తగిలిన చోట పెయింట్ లేచిపోయి ఇనుము మెరుస్తోంది. ఆర్మ్ చివర ఉండే బాల్ జాయింట్ (గుండ్రటి కీలు) కూడా దాదాపు చివరిదాకా వంగిపోయింది. ఎత్తు పెంచితే క్యాస్టర్ (చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలి ఉండే కోణం, స్టీరింగ్‌ని నిలకడగా ఉంచేది ఇదే) తగ్గుతుంది, ఒరిజినల్ అడ్జస్ట్‌మెంట్‌తో అది మళ్ళీ సరిపడా పెరగలేదు, స్టీరింగ్ తేలిపోవడం అందుకే.

లిఫ్ట్ కోసమే చేసిన ఆర్మ్‌లు వేయించి మళ్ళీ అలైన్‌మెంట్ చేయిస్తే క్యాస్టర్ 3 డిగ్రీల పైకి వచ్చింది, శబ్దం పోయింది, స్టీరింగ్ తిప్పి వదిలితే తనంతట తనే మధ్యకి వస్తోంది.

టైర్ బ్యాలెన్సింగ్‌కీ దీనికీ సంబంధం లేదు. షాక్ అబ్జార్బర్లూ బాగానే ఉన్నాయి, అనవసరంగా మార్చకండి. డిఫరెన్షియల్ డ్రాప్ కిట్ (యాక్సిళ్ళ వంపు తగ్గేలా డిఫరెన్షియల్‌ని కాస్త కిందికి దించేది) నా బండికైతే అక్కర్లేదన్నారు, యాక్సిల్ బూట్లు (యాక్సిల్ కీళ్ళ మీది రబ్బరు తొడుగులు) మాత్రం అప్పుడప్పుడు చూసుకోమన్నారు.