వార్షికోత్సవ వేదికపై చిన్నపిల్లల నృత్యాలు: ఏ పాటకు సరే అనాలి?

ప్రొద్దుటూరు అమ్మ
మా అమ్మాయి మూడో తరగతి చదువుతోంది. బడి వార్షికోత్సవానికి ఈసారి కూడా ఒక ఐటెం పాటనే ఎంపిక చేసి, దానికి తగిన దుస్తులు అద్దెకు తెచ్చుకోమని డైరీలో రాసి పంపారు. ఎనిమిదేళ్ల పిల్లకు ఆ నడుము తిప్పుళ్లు నేర్పవద్దని అడిగితే, ఇంకెవరికీ లేని అభ్యంతరం మీకే ఎందుకని ఎదురు ప్రశ్న వేశారు. వేదిక మీద వేయదగిన మర్యాదైన పాటలు, అత్తమామలతో కలిసి కూర్చుని చూడగలిగే సినిమాలు, ఈ వయసు పిల్లల చేత చదివించదగిన తెలుగు పుస్తకాలు తెలిసినవారు చెప్పండి. రాజకీయాల జోలికి వెళ్లకుంటే సంతోషిస్తాను.

కోవెలకుంట్ల నల్లరేగడి
పాటల సంగతి తరువాత చూద్దాం తల్లీ. మన రాయలసీమ పేరును చెరిచినవి 1999 సంక్రాంతికి వచ్చిన ‘సమరసింహారెడ్డి’ మొదలుకొని ఏళ్ల తరబడి వరుస కట్టిన ఫ్యాక్షన్ సినిమాలు. మా అబ్బాయిని ఇంటర్ చదువుకు వేరే జిల్లాకు పంపితే, మీ ఇంట్లో నాటుబాంబులు ఎక్కడ దాస్తారని హాస్టలు గదిలో పిల్లలు అడిగారట. వాడు నవ్వి ఊరుకున్నాడు గాని నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. శనగ వేసి వాన కోసం ఆకాశం వంక చూసే కొంపలు మావి. బట్టలు తగ్గితేనే అసభ్యమని అందరూ అంటారు, నాటి నాలుగు జిల్లాల సీమ ప్రజలను హంతకులుగా చూపించడం అంతకన్నా అసభ్యమని నేనంటాను.

బురుజు పక్క సందు
అన్నగారి బాధ నాకు అర్థం కాలేదు. 2003లో మా కొండారెడ్డి బురుజును చూపించిన ‘ఒక్కడు’ సినిమా వచ్చేంతవరకు మంత్రాలయానికీ శ్రీశైలానికీ పోయే యాత్రికులు కర్నూలులో బస్సు మారేవారే తప్ప బురుజు వైపు తల తిప్పేవారు కాదు. ఇప్పుడు మా ఇంటికొచ్చిన చుట్టాలు దాని ముందు ఫోటో దిగనిదే బయలుదేరడం లేదు. పైగా ఆ సినిమాలలోని కథానాయకుడు తల్లి మాట జవదాటడు, ఇచ్చిన మాట తప్పడు, ఊరి కోసం ప్రాణం పెడతాడు. సంప్రదాయం కావాలనే మనవంటివారికి ఇంకేమి కావాలి?

కోవెలకుంట్ల నల్లరేగడి
తల్లి కాళ్లకు మొక్కి, గుమ్మం దాటగానే పదిమంది తలలు నరికేవాడు మీకు సంప్రదాయవాదిగా కనిపిస్తున్నాడా? బురుజుకు ప్రతిష్ఠ కావాలంటే విజయనగర రాజుల పేరు చాలదా? కోస్తా నుంచి వచ్చినవారు మన యాసను నాలుగు ‘ఏమప్పా’లకు కుదించి డబ్బు చేసుకున్నారు, మనమేమో ఈలలు వేశాము.

తాడిపత్రి మనవడు
ఈలలు వేసింది మనమేనని మీరే ఒప్పుకున్నారు కనుక కోస్తావారిని అనడం ఎందుకు? టిక్కెట్టు కొనుక్కున్న చేతులు మనవే. నాకు మరొక విషయం చెప్పాలని ఉంది. తెలుగు సినిమాకు మర్యాద నేర్పినవారే సీమవారు. ‘మల్లీశ్వరి’ తీసిన బి.ఎన్.రెడ్డి గారిది పులివెందుల దగ్గరి కొత్తపల్లె, ఆయనకు 1974 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం వచ్చింది. ‘మాయాబజార్’ తీసిన కె.వి.రెడ్డి గారు మా తాడిపత్రివారు. 1957 నాటి ఆ సినిమాను నేటికీ మా ఇంట్లో మూడు తరాలవారు ఒకే గదిలో కూర్చుని, ఎవరూ రిమోటు వెతుక్కోకుండా చూస్తారు. అమ్మగారి రెండో ప్రశ్నకు ఇదే నా జవాబు.

హాలు పెద్దాయన
అనంతపురంలో కార్బను కడ్డీలు వెలిగించి ప్రొజెక్టరు నడిపిన కాలం నుంచి నేను ఈ రంగంలో ఉన్నాను. ఇక్కడ రాస్తున్నవారిలో సెన్సారు సర్టిఫికెట్టును చేత్తో పట్టుకుని చదివినవాడిని నేనొక్కడినే అనుకుంటాను. అందరూ ‘యు/ఎ’ అంటే కుటుంబ చిత్రమని పొరబడుతున్నారు. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించి ఆ వర్గాన్ని ఏడు, పదమూడు, పదహారేళ్ల వయసులుగా విడగొట్టారు. పోస్టరు మీద ‘యు/ఎ 16+’ అని ఉన్నదానికి ఆరేళ్లవాడిని తీసుకువెళ్లి, తరువాత సెన్సారువారిని తిట్టడం న్యాయం కాదు. అది తల్లిదండ్రులకు ఇచ్చే సలహా మాత్రమే, గేటు దగ్గర ఆపవలసింది ‘ఎ’ సినిమాకే. ఇక పాటంటారా, సినిమా విడుదలకు నెలల ముందే ఫోన్లలోకి వచ్చేస్తుంది. ఆడియోకు ఏ సర్టిఫికెట్టూ అక్కరలేదు. మీ బడి టీచరమ్మ ఎంచిన పాటను ఏ బోర్డూ చూసి ఉండదు.

ఎర్రగుంట్ల కుర్రవాడు
పెద్దలందరికీ నమస్కారం. మీరు ఐటెం పాటలంటారు గాని, మా ఇంట్లో వాటి రీళ్లను రాత్రి పదకొండు దాకా చూసేది మా పెదనాయన. పిల్లల నృత్యం మీద కోపం వచ్చేవారు ముందు తమ ఫోనులో చూసిన వీడియోల చిట్టాను తెరిచి చూసుకుంటే మంచిది.

హాలు పెద్దాయన
మీ పెదనాయన చూస్తే మీరు వెళ్లి ఆయనకు చెప్పండి. వయసుకు తగిన మాట మాట్లాడడం కూడా సంస్కారమే.

సంగీతం టీచరు, కడప
ఒక మాట చెబితే అందరూ నా మీద పడతారని తెలుసు. శృంగారం సినిమాతో పుట్టలేదు. మన తాళ్లపాక అన్నమయ్య 1503లో పరమపదించేనాటికి రాసిపెట్టిన కీర్తనలను రాగిరేకుల మీద అధ్యాత్మం, శృంగారం అని వేరుచేసి చెక్కారు. వాటికి రాగాలు కట్టిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు అనంతపురం జిల్లావారే. శృంగార కీర్తనలను నేను కూడా నేర్పుతాను, అయితే వయసు వచ్చిన విద్యార్థులకే నేర్పుతాను. పాట ఏదన్నది ఒక ఎత్తు, ఆ పాటకు ఎవరిని నిలబెడుతున్నామన్నది మరొక ఎత్తు. ఎనిమిదేళ్ల పిల్ల కన్ను గీటుతుంటే ముందు వరుసలో కూర్చున్న పెద్దలు చప్పట్లు కొట్టడమే నన్ను ఎక్కువగా బాధిస్తుంది.

కోవెలకుంట్ల నల్లరేగడి
అన్నమయ్యను ఐటెం పాటల పక్కన నిలబెట్టారా? కడపలో పుట్టి ఈ మాట అనడానికి నోరెలా వచ్చింది?

సంగీతం టీచరు, కడప
పక్కన నిలబెట్టలేదు, తేడా ఎక్కడుందో చెప్పాను. నేను రాసినది మరొకసారి నెమ్మదిగా చదవండి.

విశ్రాంత తెలుగు పండితుడు
రాజకీయాలు వద్దన్నారు గాని అవి లేకుండా ఈ చర్చ పూర్తి కాదు. నేటి పాటలలో సగం సీసా చుట్టూ తిరుగుతున్నాయని మనం వాపోతున్నాము. 1954 నవంబరులో, ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధానిగా ఉన్న రోజులలో, ప్రకాశం పంతులు గారి ప్రభుత్వం మద్యనిషేధం విషయంలోనే అవిశ్వాస తీర్మానానికి ఒక్క ఓటుతో కూలిపోయింది. నిషేధాన్ని ఎత్తివేయనందుకు పదవి పోగొట్టుకున్నవారిని చూసిన ఊరు అది. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవారి సారా వ్యతిరేక పోరాటం పుణ్యమా అని 1995లో మళ్లీ సంపూర్ణ నిషేధం వచ్చింది, 1997కల్లా అదీ పోయింది. ఆ తరువాత దుకాణాలు కొన్నాళ్లు ప్రభుత్వమే నడిపింది, 2024లో తిరిగి ప్రైవేటు వ్యక్తుల చేతికి ఇచ్చింది. ఖజానా సీసా మీద నిలబడి ఉండగా పాటలు రాసేవాడిని ఒక్కడినే బోనెక్కించడం నాకు సమంజసంగా తోచదు.

బురుజు పక్క సందు
పండితుల వారు ఏ పార్టీకి ఓటు వేస్తారో ఇప్పుడు తెలిసిపోయింది.

విశ్రాంత తెలుగు పండితుడు
నేను పేర్కొన్న సంవత్సరాలలో అన్ని పార్టీలూ ఉన్నాయి, నాయనా. మీకు నచ్చినది మీరు ఏరుకోండి.

నిర్వాహకుడు
ఓట్ల ప్రసక్తి ఇంతటితో ఆపవలసిందిగా కోరుతున్నాను. దీని కింద వచ్చిన రెండు వ్యాఖ్యలను తొలగించాను.

తాడిపత్రి మనవడు
పుస్తకాల గురించి ఒక్కరూ మాట్లాడలేదు. 1947లో ‘చందమామ’ను మొదలుపెట్టిన నాగిరెడ్డి గారు కూడా కడప జిల్లావారే, బి.ఎన్.రెడ్డి గారి తమ్ముడు. అది ఇప్పుడు అచ్చు కావడం లేదు గాని పాత సంచికలు బైండు చేసి దాచుకున్న ఇళ్లు ఇంకా ఉన్నాయి. మా పిల్లలు విక్రమార్కుడు చెట్టు దగ్గరకు తిరిగి వెళ్లే బొమ్మను చూసి, అక్షరాలు కూడబలుక్కుంటూ కథ చదివారు. దానితోపాటు రోజుకొక వేమన పద్యం చాలు.

ప్రొద్దుటూరు అమ్మ
పుస్తకం పేరు ఒకటి దొరికింది, సంతోషం. పాటల పట్టిక ఇంకా ఎవరూ ఇవ్వలేదు. రిహార్సళ్లు సోమవారం మొదలవుతాయి.

సంగీతం టీచరు, కడప
సినిమా పాటే ఎందుకమ్మా? చెక్కభజన పెట్టించండి. ఇరవైమంది పిల్లలు చెక్కలు పట్టుకుని గుండ్రంగా అడుగులు మార్చుతుంటే వేదికంతా నిండిపోతుంది, ధోవతి, నడుముకొక గుడ్డ చాలు, అద్దె దుస్తుల ఖర్చు ఉండదు. అనంతపురం వైపువారికి ఉరుముల నృత్యం, కర్నూలు వైపువారికి గొరవయ్యల ఆట ఉండనే ఉన్నాయి.

ఎర్రగుంట్ల కుర్రవాడు
మా ఊరి చెక్కభజన గురువు గారు పోయిన శ్రీరామనవమికి రాముడి పాటను ఐటెం పాట వరుసలోనే కట్టారు. సాహిత్యం మాత్రం పూర్తిగా భక్తే. అది వేయించవచ్చా, వేయించకూడదా?

కోవెలకుంట్ల నల్లరేగడి
వేయించకూడదు.

సంగీతం టీచరు, కడప
వేయించవచ్చు. వరుసలు అరువు తెచ్చుకోవడం భజనపరులకు ఈనాటి అలవాటు కాదు.

హాలు పెద్దాయన
ఆ వరుస ఏ సినిమాదో ముందు చెప్పండి. నేను ఆ రీలు నడిపే ఉంటాను.