మారిషస్‌లో చెరకు పిప్పి కరెంటు: పచ్చదా, నల్లదా?

పొగగొట్టం: ఇక్కడికి ఉద్యోగానికొచ్చి ఆరేళ్లయింది. 2030 కల్లా కరెంటులో 60 శాతం పునరుత్పాదకం చేస్తాం, బొగ్గు మానేస్తాం అని 2021లో అప్పటి ప్రభుత్వం చెప్పింది. చూస్తే ఐదో వంతు దగ్గరే ఊగిసలాడుతోంది. అందులోనూ పెద్ద వాటా చెరకు పిప్పిదే. మిగిలిన నాలుగు వంతులూ దాదాపు బొగ్గు, ఫర్నేస్ ఆయిలే. నన్నడిగితే ఆ పిప్పిని పచ్చ లెక్కలో కలపకూడదు.

కోరంగి మునిమనవడు: ఎందుకు కలపకూడదు సార్? చెరకు పెరిగేటప్పుడు పీల్చిన కార్బనే కాలినప్పుడు బయటికొస్తుంది. 1957లోనే సెయింట్ ఆంట్వాన్ చక్కెర మిల్లు తను వాడగా మిగిలిన కరెంటు గ్రిడ్‌కి అమ్మింది. అప్పటికి ఇక్కడ సోలార్ మాట ఎవరు విన్నారు? (ఇంట్లో మేం మాట్లాడేది ఇక్కడి క్రియోల్ భాష. తెలుగు బళ్లో నేర్చుకున్నదే, తప్పులుంటే మన్నించండి.)

పొగగొట్టం: నా గొడవ పిప్పితో కాదండీ, బాయిలర్‌తో. జూన్ నుంచి డిసెంబరు దాకా క్రషింగ్, అంటే చెరకు ఆడే సీజను. అది అయిపోగానే అదే బాయిలర్‌లో దక్షిణాఫ్రికా బొగ్గు పోస్తారు. 2000లో బెల్ వ్యూ, 2007లో లా బరాక్ మిల్లుల కరెంటు ప్లాంట్లు పిప్పీ బొగ్గూ రెండూ కాల్చేలా కట్టినవే. ఆరు నెలలు మాంసం తినేవాణ్ని శాకాహారి అంటామా?

గోదారిగట్టు: అంటాం. కార్తీక మాసం శాకాహారి.

కోరంగి మునిమనవడు: ఆ ఆరు నెలల పిప్పిని మాత్రమే లెక్కేస్తున్నారు కదా! బొగ్గును ఎవరూ పచ్చ అనలేదు.

మేడమీద ప్యానెల్: లెక్కల సంగతి నన్నడగండి. మా మేడ మీద 5 కిలోవాట్లు పెట్టించి, మీటరు మార్పించడానికి పదకొండు నెలలు తిరిగాను. బిగించినవాడు ఫోనెత్తడు. మిల్లు వాళ్లయితే ఇలా తిరుగుతారా?

పొగగొట్టం: మీటరు వేరు, ఇది వేరు.

మేడమీద ప్యానెల్: రెండూ ఒకటే. మీకది కనబడటం లేదు, అంతే.

అనకాపల్లి బెల్లం: మావైపు చెరకు తీసేసి సరుగుడు వేస్తున్నారు. పిప్పి పచ్చో నల్లో తర్వాత, ముందు చెరకుండాలి కదా.

పొగగొట్టం: ఇక్కడా అదే. ఇక్కడి చక్కెర కొనే యూరప్ 2006 నుంచి తనిచ్చే ధర 36 శాతం తగ్గించింది. 2000 నాటికి 70 వేల హెక్టార్ల పైన ఉన్న చెరకు ఇప్పుడు 40 వేల లోపుకొచ్చింది. పిప్పి తగ్గిన చోటల్లా బొగ్గు దూరింది. సీజను పొడవు అంతే ఉన్నా నిప్పులో పడేది మారిపోయింది. అయినా గేటు మీద ‘బయోమాస్’ బోర్డు అలాగే ఉంది. నా పట్టు ఆ బోర్డు మీదే.

కోరంగి మునిమనవడు: ‘చెరకు తగ్గింది’ అని ఎంత తేలిగ్గా అనేశారండీ! మా నాన్నకి రెండు ఆర్పాన్ల (రెండెకరాల పైచిలుకు) తోట. ఇక్కడ పొలంలో మట్టికంటే రాళ్లే ఎక్కువ. కోరంగి రేవులో ఓడెక్కి వచ్చిన మావాళ్లు ఆ రాళ్లేరి కుప్పలు పోస్తే పొలమైంది. కుప్పలింకా ఉన్నాయి, వెళ్లి చూడండి. కోత కూలి ఇవ్వలేక నాన్న వదిలేశాడు, ఇప్పుడంతా పొదలు. ఆరేళ్ల కాంట్రాక్టు మీద వచ్చినవాళ్లకి బోర్డు కనిపిస్తుంది, పొదలు కనిపించవు.

పొగగొట్టం: కాంట్రాక్టు ఊసెందుకు? మా పాపకి ఆయాసం. ఆరేసిన బట్టల మీద మసి. బోర్డు మీద ఆకు బొమ్మ చూసినప్పుడల్లా ఒళ్లు మండుతుంది. పాయింట్ ఓ కావ్‌లో బొగ్గు ప్లాంటు వద్దని 2013లో ఇక్కడ నిరాహార దీక్ష జరిగింది. ఆ ప్లాంటు రాలేదు. మిల్లు బాయిలర్లలో కాలే బొగ్గు మాత్రం అలాగే ఉంది.

గోదారిగట్టు: పాపకి ఎలా ఉందండీ ఇప్పుడు?

పొగగొట్టం: ఇన్‌హేలర్ మీదుంది.

కోరంగి మునిమనవడు: పాప సంగతి నాకు తెలియదు సార్. మాట తూలాను. అయినా ఒకటి చెప్పనివ్వండి. పిప్పి పచ్చ కాదని తేలిస్తే మిల్లువాడికి పోయేదేం లేదు, ఏడాది పొడవునా బొగ్గు పోసుకుంటాడు. చెరకు రైతులకి మాత్రం ఉన్న ఆ కాస్త డబ్బూ పోతుంది. చాలా ఏళ్లు పిప్పికి మాకు దక్కింది చిల్లర. 2021లోనే కాస్త పెంచారు. చెరకు మాది, బాయిలర్ వాళ్లది, కరెంటు డబ్బులూ వాళ్లవే.

పొగగొట్టం: ఇది మొదట్లోనే చెప్పుంటే ఇంతసేపు కార్బన్ లెక్కలు వేసేవాణ్ని కాదు. అయినా నా మాట నాదే. రైతుకి ధర ఇవ్వండి, బొగ్గుకి తాళం వేయండి.

కోరంగి మునిమనవడు: తాళం వేస్తే జనవరి రాత్రులు దీపాలెలా వెలుగుతాయి? హెన్రియెట్టాలో 2019లో మొదలైన సోలార్ ప్లాంటు అప్పుడు 2 మెగావాట్లే. దీవి మొత్తానికి గరిష్ఠంగా కావలసింది 500 పైనే.

మేడమీద ప్యానెల్: బ్యాటరీలు పెట్టమనండి. ముందు నా మీటరు సంగతి తేల్చమనండి.

కోరంగి మునిమనవడు: పోయిన వారం ఒకాయన ఇంటికొచ్చాడు. ఆ రెండు ఆర్పాన్లలో ప్యానెళ్లు వేస్తాం, ఇరవై ఏళ్లకి అద్దెకివ్వమని. నాన్న కాగితం తీసుకుని బీరువాలో పెట్టేశాడు. ఇంకా ఏమీ అనలేదు.

మేడమీద ప్యానెల్: ఆయన ఫోను ఎత్తుతాడో లేదో ముందు చూసుకోండి.