పెర్సెఫొనీ ఇష్టపడే వెళ్ళిందా? సీరీస్ చదివాక పాత కథ గురించి ఒక సందేహం

దానిమ్మగింజ అడిగిన ప్రశ్న:

గ్రీకు పురాణాల్లోని పాతాళ రాజు హేడీస్, అతను ఎత్తుకుపోయిన పెర్సెఫొనీల కథను ప్రేమకథగా మలిచిన ఒక యంగ్ అడల్ట్ ఫాంటసీ సీరీస్ నెల రోజులుగా చదువుతున్నాను. నాలుగింట్లో మూడు పుస్తకాలు అయ్యాయి. పేరు చెప్పను, చదవనివాళ్ళకి మలుపులన్నీ ముందే తెలిసిపోతాయి.

ఈ హేడీస్ అంటే నాకు చెప్పలేనంత ఇష్టం. మాట తక్కువ, ఇచ్చిన మాట తప్పడు, ఆ అమ్మాయి వద్దంటే అక్కడే ఆగిపోతాడు. పదిహేడేళ్ళ ఆ పిల్ల తనంతట తానే పాతాళం మెట్లు దిగుతుంది. దానిమ్మ గింజ తినే అధ్యాయాన్ని రెండుసార్లు చదివాను. తింటే మళ్ళీ పాతాళానికి రాక తప్పదని అతను ముందే చెప్తాడు. ఆమె అంతా విని, అతని కళ్ళలోకి చూస్తూ నోట్లో వేసుకుంటుంది.

నిన్న ఒక స్నేహితురాలు "అసలు కథలో ఎత్తుకుపోయాడు కదే, అది ప్రేమెలా అవుతుంది?" అంది. నా దగ్గర జవాబు లేకపోయింది. రాత్రంతా అదే ఆలోచన. పాత కథలో నిజంగా ఏముంది? అది తెలిశాక నాలుగో పుస్తకాన్ని ఇదే ఇష్టంతో చదవగలనా?

నీలిసిరా:

మీ స్నేహితురాలు అన్నది నిజమే. రోమ్‌లోని బోర్గీజ్ గ్యాలరీలో ఈ ఎత్తుకుపోవడం మీద ఇటలీ శిల్పి బెర్నీనీ 1621-22లో చెక్కిన శిల్పం ఉంది, దాని ఫొటో చూడండి. హేడీస్ వేళ్ళు ఆమె తొడలోకి దిగబడి ఉంటాయి, ఆమె చెంప మీద కన్నీటి చుక్క. అది చూశాక నాకైతే ఏ హేడీస్ ప్రేమకథా చదవబుద్ధి కాలేదు.

పాతప్రతి:

నేను ఈ కథ వెంట చాలాకాలంగా పడ్డాను, కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

మీరు చదవాల్సింది డిమీటర్ స్తోత్రం. డిమీటర్ అంటే పెర్సెఫొనీ తల్లి, పంటల దేవత. హోమర్ పేరు మీద వచ్చే గ్రీకు స్తోత్రాల్లో ఇదొకటి, 495 పంక్తులు, ఒక్క పూటలో అయిపోతుంది. ఎత్తుకుపోవడం మొదట్లోనే వస్తుంది. పెర్సెఫొనీ చెలులతో పూలు కోస్తుంటే భూదేవి గైయా ఒక నార్సిసస్ పూమొక్కను ఎరగా పూయిస్తుంది. ఒకే మొదలుకి నూరు పూలు. పిల్ల రెండు చేతులూ చాచేసరికి నేల నోరు తెరుస్తుంది, హేడీస్ రథం మీద వచ్చి ఎత్తుకుపోతాడు. ఆమె తండ్రిని పిలుస్తూ కేకలు పెడుతుంది. ఆ తండ్రి, దేవతల రాజు జ్యూసే ఆమెను హేడీస్‌కి ఇచ్చేశాడు! తల్లికి చెప్పలేదు, పిల్లను అడగలేదు. రుక్మిణి తనే కబురంపి కృష్ణుణ్ణి రప్పించుకుంది. పెర్సెఫొనీకి ఆ అవకాశమే లేదు.

ఇక గింజ సంగతి. ఇంటికి పద అని దేవదూత హెర్మీస్ రాగానే ఆమె ఆనందంతో చివాలున లేస్తుంది. అప్పుడు హేడీస్ ఎవరి కంటా పడకుండా ఒకే ఒక్క గింజ పెడతాడు. ఇష్టం లేకపోయినా బలవంతంగా తినిపించాడని తర్వాత తల్లితో చెప్పుకుంటుంది. కొన్ని వందల ఏళ్ళ తర్వాత రోమన్ కవి ఒవిడ్ రాసిన 'మెటమార్ఫొసెస్' కావ్యంలో ఆ పిల్లే తోటలో తిరుగుతూ పండు కోసి ఏడు గింజలు తింటుంది. అదే ఒవిడ్ తన ఇంకో కావ్యం 'ఫాస్తి'లో మూడు అన్నాడు. స్తోత్రంలో ఏడాదికి మూడో వంతు పాతాళంలో ఉండాలి, 'మెటమార్ఫొసెస్'లో అది సగమైంది. అన్నీ తెలిసే తిన్నట్టు మీ రచయిత్రి రాస్తే నేను తప్పుపట్టను. ఆ గింజను పాతకాలం కవులే ఇన్ని రకాలుగా తినిపించారు.

నా బాధంతా డిమీటర్ గురించి. ప్రేమకథగా మార్చినప్పుడు ఎవరో ఒకరు అడ్డుపడాలి కదా, ఆ వేషం తల్లికి వేస్తున్నారు. నేను చదివిన మూడు సీరీస్‌లలో రెండింట్లో ఆమె కూతుర్ని గదిలో పెట్టి తాళం వేసే మనిషి. అసలు ఆ స్తోత్రం ఎవరిది? తొలి పంక్తిలోనే డిమీటర్ పేరు. తొమ్మిది రోజులు అమృతం ముట్టదు, స్నానం చెయ్యదు, చేతుల్లో దివిటీలతో భూమంతా తిరుగుతుంది. జరిగింది చెప్పిన సూర్యుడు హీలియోస్ కూడా "హేడీస్ నీకు తగని అల్లుడేం కాదులే" అని సర్దిచెప్పబోతాడు. ఆ మాట చదివినప్పుడల్లా నాకు కడుపు మండుతుంది. ఆమె విత్తనాన్ని నేలలోనే దాచేస్తుంది, లోకానికి కరువు వస్తుంది. జ్యూస్ ఒక్కొక్క దేవుణ్ణీ రాయబారం పంపుతాడు. నా బిడ్డను కళ్ళారా చూసేదాకా ఒక్క గింజ మొలవనివ్వనంటుంది.

చివరికి తల్లీకూతుళ్ళు కలుస్తారు. కౌగిలి విడవకముందే తల్లికి అనుమానం: "అమ్మా, అక్కడ ఏమైనా తిన్నావా?" ఈ స్తోత్రం మొత్తంగా మిగిలిన రాతప్రతి ఒక్కటే, 1777లో మాస్కోలో దొరికింది, ఇప్పుడు నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో ఉంది. సరిగ్గా ఈ చోటే ఆకు చిరిగి కొన్ని పంక్తులు సగాలే మిగిలాయి. ఆ ఖాళీల మధ్య నుంచి కూడా తల్లి గొంతు వినబడుతుంది, చదివి చూడండి.

నాలుగో పుస్తకం మానకండి. డిమీటర్ వచ్చిన ప్రతిచోటా ఆమెను ఎలా రాశారో మాత్రం గమనించండి.

సాయంకాలం:

'పాతప్రతి'గారు చెప్పినదానికి ఒక్క సంగతి కలుపుతాను. దక్షిణ ఇటలీలోని లోక్రీ ఒకప్పుడు గ్రీకుల ఊరు. అక్కడి పెర్సెఫొనీ గుడిలో క్రీ.పూ. 5వ శతాబ్దపు మట్టిపలకలు దొరికాయి. కొన్నిట్లో రథం మీద ఎత్తుకుపోవడం ఉంది. కొన్నిట్లో ఆమె హేడీస్ పక్కన సింహాసనం మీద తలెత్తుకుని కూర్చుని ఉంది. ఆ గుడికి పెళ్ళితో సంబంధం ఉందంటారు. పాతకాలపు గ్రీకు రచయిత జెనొఫోన్ రాసిన 'ఎకనామికస్'లో ఒక గృహస్థు, పెళ్ళినాటికి తన భార్యకి పదిహేనేళ్ళు కూడా నిండలేదంటాడు. తండ్రి మాటతో పుట్టిల్లు వదిలిన అలాంటి పిల్లలకి ఆ రాణి బొమ్మ ఎంత ధైర్యం ఇచ్చి ఉంటుందో అనుకుంటాను. ఇప్పటి సీరీస్‌లో ఆ పిల్లను ఎవరో ఒకరు "నీకిష్టమేనా?" అని అడుగుతున్నారు. నాకు అందుకే అవి నచ్చుతాయి.

దానిమ్మగింజ:

అందరికీ చాలా థాంక్సండీ. 'పాతప్రతి'గారూ, రెండు రోజుల్లో స్తోత్రం చదివేశాను. తల్లి దివిటీలతో తిరిగే చోట ఏడుపొచ్చింది. నా హేడీస్ మీద ఇష్టం పోలేదు. అతను ఈ రచయిత్రి పుట్టించిన మనిషి, ఆ రథం మీదవాడు వేరే మనిషి అనుకుంటున్నాను. కానీ మూడు పుస్తకాలూ డిమీటర్‌ని తిట్టుకుంటూ చదివాను, అది మాత్రం గుచ్చుకుంటోంది.

నాలుగోది నిన్న మొదలుపెట్టాను. రెండో అధ్యాయంలో ఆమె కూతురి ఖాళీ గదిలో పక్క సర్దుతూ కనబడింది. ఒకే పేరా. పుస్తకం పక్కన పెట్టి, ఆ చిరిగిన పంక్తుల దగ్గరికి మళ్ళీ వెళ్ళి చదువుకున్నాను.